పేరులేని పత్రము

క్రీ. శ. 2018 వ సంవత్సరపు వేసవిలో గద్వాల, వనపర్తి జిల్లాల పల్లెలలో ఒక వార్త బయలుదేరెను. బిడ్డల నెత్తుకొనిపోవు దొంగల ముఠా యొకటి ఉత్తరదేశమునుండి దిగినదనియు, రాత్రివేళ మనుష్యులను చంపి యవయవములను కోసికొనిపోవుచున్నదనియు ఆ వార్త సారాంశము. దానిని పుట్టించినవా రెవరో యెవరికిని తెలియదు. అది చేతిలోని ఫోనునుండి మఱియొక చేతిలోని ఫోనునకు ప్రాకెను. ఎండకాలమున ఆరుబయట మంచములు వేసికొని పండుకొను పల్లెవాసులు ఆ యుక్కలో తలుపులు బిగించుకొని లోపల పండుకొనసాగిరి. క్రొత్తముఖము కనబడినచో దొంగయే యనుకొనిరి. ఇట్టి వదంతులవలననే ఆ యేడు మన దేశమున పలుతావుల నిరపరాధులు మూకలచేతిలో ప్రాణములు కోలుపోయిరి. అప్పుడు ఈ రెండు జిల్లాల పోలీసు అధికారిణిగా నుండిన రెమా రాజేశ్వరిగారు తమ సిబ్బందిని ఊరూరికిని పంపి, డప్పులతోను పాటలతోను సుమారు నాలుగువందల గ్రామములలో నిజము చాటించిరి. ఆ రెండు జిల్లాలలో వదంతికి ఒక్క ప్రాణమైనను బలికాలేదు.

ఈ సంగతి విని, చదువురాని పల్లెవాసుల యమాయకత్వ మిట్లే యుండునని పట్టణవాసులు నవ్వవచ్చును. కాని చరిత్ర యట్లు చెప్పుటలేదు. చదువును, పదవియు, ఆంగ్లభాషా పాండిత్యమును గలవారే పేరులేని యొక కాగితమును పట్టుకొని రెండు కక్షలుగా చీలి, ఒక గొప్ప రాజ్యపు పరువును తొమ్మిది నెలలు వీధిలో నిలువబెట్టిన యుదంతము మన హైదరాబాదు చరిత్రలోనే కలదు. దాని ముందువెనుకలను చెప్పి, అందుండి మన యిండ్లకు తీసికొనవలసిన బుద్ధి యేదియో విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

అప్పటి స్థితిని ముందు గ్రహింపవలెను. నేడు గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు మూడును వేర్వేరు జిల్లాలు. 2016 వ సంవత్సరము అక్టోబరు వఱకు ఇవి మహబూబునగరము జిల్లాలో భాగములు. పాలమూరునకు మహబూబునగరమను పేరు నాటి నిజాము మీర్ మహబూబు అలీఖాను పేరిట 1890 లో వచ్చినది. ఆ కాలమున గద్వాల, వనపర్తి సంస్థానములు. అచ్చటి ప్రభువులు నిజామునకు పేష్కషు చెల్లించుచు తమ యెల్లలలోని వ్యవహారములను తామే చూచుకొనుచుండిరి. రైతు సంస్థానము క్రింద నున్నను, నిజాము ఖాలసా క్రింద నున్నను, ఆతడు పండించిన పంటనుండియే హైదరాబాదునకు రూకలు పోవలెను. నిజాము ప్రజలలో దాదాపు సగము మంది తెలుగు మాటాడువారు. అయినను రాజధానిలో జరుగు వ్యవహారము తెలుగున ఒక్క ముక్కయు నుండెడిది కాదు. రైతు చెల్లించిన సొమ్ము ఏమయినదో తెలిసికొనుటకు ఆతని భాషలో ఒక పత్రికయైనను లేకుండెను.

మొదటి సాలారుజంగు 1853 మొదలు 1883 లో తాను మరణించువఱకు ప్రధానమంత్రిగా నుండెను. ఆయన పరిపాలనను క్రమపఱచుటకు ఉత్తరహిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించెను. మొహసిన్-ఉల్-ముల్కు బిరుదుగల మెహదీ అలీ, వికార్-ఉల్-ముల్కు బిరుదుగల ముష్తాకు హుస్సేను, సయ్యదు హుస్సేను బిల్‌గ్రామీ మొదలగువా రిట్లు వచ్చినవారే. వారు సమర్థులనుటలో సందేహములేదు. 1884 లో కచ్చేరీల భాష పారశీకమునుండి ఉర్దూకు మారెను. దానితో ఉత్తరదేశపు ఉర్దూ విద్వాంసులకు త్రోవ మఱింత సుగమమయ్యెను. పెద్ద జీతములు వారివి. తాతముత్తాతలనాటినుండి హైదరాబాదునందే యున్న కుటుంబములవారికి చిన్నపాటి కొలువులు. ఇట్లు ముల్కీలనియు గైరుముల్కీలనియు రెండు కక్షలు బలసెను. గైరుముల్కీలలో మరల ఉత్తరదేశపువారు, వంగీయులు, పారసీలు, మదరాసువారు, యూరోపియనులు అని తెగలు. వీరందఱిపైని బ్రిటిషు రెసిడెంటు. ఎవని మాట దొరగారి చెవికి ముందు చేరునో వానిదే పైచేయి. ఈ కలహమున తెలుగు రైతు ఊసు ఏ పక్షమువారికిని లేకపోయెను.

ఇట్టి వాతావరణమున మొదటి పెద్ద గొడవ 1883 లో పుట్టెను. సికిందరాబాదు వైపునుండి చాందా దిక్కునకు రైలుదారి వేయించుటకు లండనునందలి ధనికులతో ఒడంబడిక జరుగుచుండెను. ఆ ఒడంబడిక వలన రాజ్యముపై పడు భారమెంత, లాభమెవరిది, పత్రములను ప్రజలముందు పెట్టవలదా యని కొందఱు విద్యావంతు లడిగిరి. వారిలో ముఖ్యులు నిజాము కళాశాలకు పునాదులు వేసిన అఘోరనాథ చట్టోపాధ్యాయుడును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును. ఈ అఘోరనాథుడే సరోజినీదేవికి తండ్రి. అడిగిన ప్రశ్నకు ప్రభుత్వము జవాబు చెప్పలేదు. అడిగినవారిని అల్లరి పుట్టించు కుట్రదారులుగా భావించి రాజ్యమునుండి వెడలగొట్టెను. కొంతకాలమునకు వారిని మరల రానిచ్చిరనుట వేఱు సంగతి. లెక్క చూపుమన్నవానిని కుట్రదారుడనుట సులువు. లెక్క చూపుట కష్టము.

అడిగినవారి సందేహము కేవలము అసూయవలన పుట్టినది కాదని ఐదేండ్లకే లోకమునకు తెలిసెను. ఆ రైలు సంప్రదింపులలో నిజాము ప్రభుత్వము పక్షమున ప్రధానపాత్ర వహించినవాడు సర్దారు అబ్దుల్ హక్. ఈతడే 1886 లో రాజ్యమునందలి గనులను త్రవ్వుకొను హక్కును వాట్సను, స్టూవర్టు అను ఇద్దఱు ఆంగ్లేయులకు ఇప్పించు వ్యవహారమునకును మధ్యవర్తి. ఆ హక్కును పొందినవారు లండనునందు పది లక్షల పౌనుల మూలధనముతో ఒక కంపెనీని స్థాపించిరి. పది పౌనుల వాటాలు లక్ష. అందు రొక్కమునకు అమ్మినవి పదునైదువేలు మాత్రమే. తక్కిన ఎనుబదియైదువేల వాటాలను పూర్తిగా సొమ్ము చెల్లినట్లు చూపి హక్కుదారులే తీసికొనిరి. తరువాత నిజాము ప్రభుత్వము కొన్ని వాటాలను కొనెను. పది పౌనుల వాటాకు పండ్రెండు పౌనులు చెల్లించెను. ప్రభుత్వము తరఫున కొనినవాడు అబ్దుల్ హక్. అమ్మబడిన వాటాలు అంగడిలోనివి కావు, హక్కుదారుల చేతిలో ఊరక వచ్చి పడినవి. ఆ లాభమున ఆతనికిని పాలున్నదని బయటపడెను. 1888 లో ఇంగ్లండు పార్లమెంటు ఒక విచారణసంఘమును నియమించి సాక్షులను పిలిచి పుస్తకములను తెప్పించి విచారించెను. అబ్దుల్ హక్ పదవి పోయెను. సింగరేణి బొగ్గు మొదట త్రవ్వబడినది ఈ కంపెనీ చేతులమీదుగనే యని చదువరులు గుర్తుంచుకొనవలెను. మన నేల లోపలి సొత్తు లండను బజారులో చేతులు మారుచున్నపుడు, ఆ నేలమీద బ్రదుకువాని కది తెలియనైనను తెలియదు.

ఈ గనుల వ్యవహారము నిజముగా జరిగిన దుర్వ్యవహారము. దానిని బయటపెట్టినవారికి వారివారి కక్షలు లేకపోలేదు. అయినను వాటాల సంఖ్య, తేదీలు, ధరలు, సంతకములు కాగితములమీద నుండుటచేత ఏ పక్షమువాడైనను వానిని సరిచూడవచ్చును. ఈ భేదమును మనస్సున నుంచుకొని ఇక మూడవ గొడవకు వత్తము.

మెహదీ హసను లక్నోనుండి వచ్చిన విద్యావంతుడు. ఫతే నవాజు జంగు అని ఆయన బిరుదు. హైదరాబాదు హైకోర్టునకు ప్రధాన న్యాయాధిపతిగాను, తరువాత హోము సెక్రటరీగాను పనిచేసెను. గనుల విచారణ జరిగిన 1888 లో ఆయన లండనుకు పోయెను. ఆయన భార్య గెర్ట్రూడ్ డానెలీ యూరోపియను స్త్రీ. ఆమె పరదా లేక దొరల విందులకు భర్తతో పోవుచుండెను. లండనునందు విక్టోరియా రాణి దర్శనము సయితము ఆమెకు లభించెను. ఆ గౌరవము హైదరాబాదులో ఎందఱి కండ్లకో ముల్లయ్యెను. ముల్కీలకు ఆయన పదవి కంటకము. తోటి గైరుముల్కీలలో కొందఱికి ఆయన వేగముగా పైకి వచ్చుట కంటకము. దొరసానులలో కొందఱికి ఆమె తమతో సమానముగా కూర్చుండుట కంటకము.

1892 వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఎనిమిది పుటల ఆంగ్ల కరపత్ర మొకటి హైదరాబాదునందలి పెద్దల యిండ్లకు చేరెను. దానిపై వ్రాసినవాని పేరు లేదు. హైదరాబాదునందలి స్త్రీలకు విన్నపమని దాని శీర్షిక. అందు మెహదీ హసను భార్య ఆయన ధర్మపత్ని కాదనియు, లక్నోనందు ఆమె నడవడి చెడ్డదనియు, ఇట్టి స్త్రీని రాణిగారి సమక్షమునకు తీసికొనిపోవుట మోసమనియు వ్రాయబడియుండెను. స్త్రీలకు విన్నపమని పేరు పెట్టి ఒక స్త్రీ మానమునే బజారున పెట్టుట ఎంత క్రూరమో పాఠకులే యోచింపవచ్చును. దెబ్బ తగిలినది భార్యకు; గుఱి మాత్రము భర్త పదవి.

మెహదీ హసను ఊరకుండలేదు. ఆ కరపత్రమును అచ్చు వేయించినవాడు ఎస్. ఎమ్. మిత్ర యను వంగీయుడని యెంచి, రెసిడెన్సీ న్యాయస్థానమున పరువునష్టపు వ్యాజ్యెము తెచ్చెను. బొంబాయి, మదరాసు నగరములనుండి పేరుమోసిన బారిస్టరులు వచ్చిరి. లక్నోనుండి సాక్షులు రప్పింపబడిరి. ఏండ్ల క్రిందటి మాటలు, ఎవరి యింట ఎవరున్నారు, పెండ్లి యెప్పుడు జరిగినది, ఎవరు చూచినారు అనునవి కోర్టులో త్రవ్వబడెను. పత్రికలు ప్రతిదినమును ఆ వాఙ్మూలములను అచ్చువేసి అమ్మెను. తొమ్మిది నెలలు విచారణ జరిగిన పిమ్మట, 1893 ఏప్రిలులో, మిత్ర అచ్చు వేయించినట్లు రుజువు కాలేదని మేజిస్ట్రేటు వ్యాజ్యెమును కొట్టివేసెను. కరపత్రమును వ్రాసినవా డెవడో న్యాయస్థానమున తేలనేలేదు.

ఇంతటితో కథ ముగియలేదు. కోర్టు మెహదీ హసను దోషియని చెప్పలేదు. ఆయన నేరమునకు ముద్దాయియు కాడు, వాది. అయినను పదవి పోయినది ఆయనకే. భార్యాభర్త లిద్దఱును లక్నోకు మరలిపోయిరి. 1904 లో ఆయన మరణించెను. ఆమె లేమిలో మిగిలిపోయెను. వికార్-ఉల్-ముల్కు 1892 లోను, మొహసిన్-ఉల్-ముల్కు 1893 లోను హైదరాబాదు విడిచిరి. ఆస్మాన్‌జాహు మంత్రిత్వమును 1893 లోనే ముగిసెను. వీరి నిష్క్రమణమున కన్నిటికిని కరపత్రమే కారణమనుట సరికాదు. కక్షల పోరు అంతకుముందే ముదిరియుండెను. ఆ పోరునకు కరపత్ర మొక ఆయుధము మాత్రమే.

ఇప్పుడు ఈ మూడు వ్యవహారములను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. 1883 లో ప్రశ్నించినవారు తమ పేళ్లతో ప్రశ్నించిరి, పత్రములు చూపుడనిరి, దానికి ఫలము దేశబహిష్కారము. 1888 లో పత్రములు బయటికి వచ్చెను. దోషి యెవడో తేలెను. 1892 లో పేరులేదు, పత్రము లేదు, సాక్ష్యము లేదు. అయినను అన్నిటికంటె ఎక్కువగా జనము నోళ్ల నానినది అదియే. గనుల లెక్కలు చదువుటకు ఓపిక కావలెను. ఇంటి యాడుదాని గుట్టు వినుటకు ఓపికతో పనిలేదు. రాజ్యపు ధనమునకు గండి పడిన వ్యవహారముకంటె ఒక స్త్రీ నడవడినిగూర్చిన వ్యవహారమున పట్టణమంతయు రెండుపాళ్లయి పోరాడుట మన పెద్దమనుష్యులకు గౌరవకరము కాదు.

మఱియొక సంగతి. పేరుతో ప్రశ్నించినవానిని వెడలగొట్టిన రాజ్యమున పేరులేని పత్రములు పుట్టుటలో వింతయేమున్నది? ముందువాకిలి మూసిన యింటిలోనికి దొంగ పెరటిదారిన వచ్చును. ప్రభుత్వము లెక్కలను దాచినచో ప్రజలు ఊహలను లెక్కలుగా చెల్లించుకొందురు. కనుక ఆ కరపత్రమునకు వ్రాసినవాని దుర్బుద్ధి యొక కారణమైనను, తొమ్మిదేండ్లకు ముందు నోళ్లు మూయించిన ప్రభుత్వమునకును అందు పాలు కలదు.

ఇట్టివి నిరంకుశ రాజ్యములందే జరుగునని తలపవలదు. ప్రజాప్రభుత్వమునకు పుట్టినిల్లుగా కొనియాడబడు అమెరికా చరిత్రలో వీనికి సరియైన జోడులు కలవు. మన బిడ్డలనేకులు నేడు ఆ దేశమున స్థిరపడుటచేత అచ్చటి వాదములు ఫోనులద్వారా మన నట్టింటికి వచ్చుచున్నవి. కావున వానిని తెలిసికొనుట యుక్తము.

1824 నాటి ఎన్నికలో ఆండ్రూ జాక్సనునకు ఎక్కువ యోట్లు వచ్చెను గాని చాలినంత ఆధిక్యము రాలేదు. 1825 ఫిబ్రవరిలో ప్రతినిధిసభ జాన్ క్విన్సీ ఆడమ్సు నెన్నుకొనెను. ఆడమ్సు తనకు తోడ్పడిన హెన్రీ క్లేను విదేశాంగమంత్రిగా నియమించెను. ఇది లంచపు బేరమని జాక్సను పక్షమువారు నాలుగేండ్లు ప్రచారము చేసిరి. 1828 లో మరల ఎన్నిక వచ్చినపుడు ఆడమ్సు పక్షమువారు ఊరకుండలేదు. జాక్సను భార్య రేచెలు, మొదటి భర్తతో విడాకులు పూర్తిగా ముగియకముందే 1791 లో జాక్సనును వివాహమాడెను. అవి ముగిసినవని వారు నమ్మియుండిరి. తప్పు తెలిసిన తరువాత 1794 లో మరల వివాహము చేసికొనిరి. ముప్పది యేండ్లు దాటిన ఆ సంగతిని త్రవ్వి, ఆమెను వ్యభిచారిణియని కరపత్రములు వేసిరి. జాక్సను గెలిచెను. కాని ఆయన పదవి స్వీకరింపకమునుపే, 1828 డిసెంబరు 22 వ తేదీన, రేచెలు గుండెజబ్బుతో మరణించెను. శత్రువుల నోళ్లే ఆమెను చంపినవని జాక్సను తుదివఱకు నమ్మెను. రెండు ఖండములు, అఱువదినాలుగేండ్ల యెడము; అయినను రేచెలు కథయు గెర్ట్రూడు కథయు నొక్కటియే.

మన గనుల వ్యవహారమునకును అచ్చట జోడున్నది. యూనియను పసిఫిక్కు రైలుదారిని నిర్మించిన క్రెడిట్ మొబిలియరు కంపెనీ వాటాలను ఓక్స్ ఏమ్సు అను ప్రతినిధి తన తోటి శాసనసభ్యులకు చవుకగా పంచిపెట్టెను. 1872 లో న్యూయార్కునందలి ఒక పత్రిక దీనిని వెల్లడించెను. విచారణ జరిగి 1873 లో ఏమ్సును, మఱియొక సభ్యుడైన జేమ్సు బ్రూక్సును సభ అభిశంసించెను. వారిలో ఒకడు రిపబ్లికను పక్షమువాడు, రెండవవాడు డెమోక్రాటు. దుర్వ్యవహారమునకు పక్షభేదము లేదని దీనివలన తెలియుచున్నది.

పక్షమునకును సాక్ష్యమునకును జరిగిన పోరాటములలో వాటర్‌గేటు వ్యవహారము మిక్కిలి ప్రసిద్ధము. 1972 జూను 17 వ తేదీన డెమోక్రాటు పక్షపు కార్యాలయమున దొంగతనముగా చొరబడినవారు పట్టుబడిరి. అధ్యక్షుడు నిక్సను మనుష్యులకు అందు సంబంధ మున్నదని వదంతి లేచినపుడు, ఇది శత్రువుల కుట్రయని ఆయన పక్షమువారు వాదించిరి. తుదకు అధ్యక్షుని కార్యాలయమున జరిగిన సంభాషణలు ధ్వనిముద్రితములై యున్నవని బయటపడెను. వానిని అప్పగింపవలసినదేయని 1974 జూలై 24 వ తేదీన అత్యున్నత న్యాయస్థానము ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ తీర్పు చెప్పిన ఎనిమిదిమంది న్యాయమూర్తులలో ముగ్గురు నిక్సను నియమించినవారే. తమను నియమించినవానికి విరోధముగా సాక్ష్యము ప్రకారము వారు తీర్పు చెప్పిరి. ఆగస్టు 9 వ తేదీన నిక్సను పదవి విడిచెను. ఆ దేశపు గొప్పతనము అచ్చట దుర్వ్యవహారములు జరుగకపోవుటలో లేదు. స్వపక్షమువాని తప్పును స్వపక్షమువారే యొప్పుకొనుటలో కలదు.

దీనికి మారుగా దాపరికము చేయు కీడునకు కెన్నెడీ హత్య నిదర్శనము. 1963 నవంబరు 22 వ తేదీన డల్లాసు నగరమున అధ్యక్షుడు కెన్నెడీ కాల్చి చంపబడెను. ఆస్వాల్డు అనువాడు ఒంటరిగా ఈ పని చేసెనని వారెను సంఘము 1964 లో తీర్పు చెప్పెను. కాని ప్రభుత్వము వేలకొలది పత్రములను ఏండ్లతరబడి మూసియుంచెను. జనుల అనుమానములు పెరిగెను. 1979 లో ప్రతినిధిసభ నియమించిన సంఘము ఒక ధ్వనిముద్రణమును ఆధారము చేసికొని కుట్ర జరిగియుండవచ్చునని పలికెను. 1982 లో శాస్త్రజ్ఞుల మండలి ఆ ధ్వనిముద్రణము అట్టి సాక్ష్యము కాజాలదని త్రోసిపుచ్చెను. అయినను అనుమానము చావలేదు. పత్రములను బయటపెట్టుటకు 1992 లో ప్రత్యేకముగా ఒక చట్టమునే చేయవలసివచ్చెను. మొదటనే తెరచియుంచిన పెట్టెలో ఏమున్నదో అందఱును చూతురు. ముప్పదియేండ్లు మూసిన పెట్టెలో ఎవరికి తోచినది వారు చూతురు.

ఇక మన పాలమూరు సీమకు మరలుదము. రాజధానిలో ఇంగ్లీషునను ఉర్దూనను ఈ పోరాటములు సాగినపుడు తెలుగువానికి గొంతు లేకుండెనని చెప్పితిమి. ఆ కొఱతను తీర్చిన ముఖ్యులలో ఒకరు ఈ సీమవారే. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896 లో బోరవెల్లిలో జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. నేడు ఈ రెండును గద్వాల జిల్లాలోనివి. 1926 మే 10 వ తేదీన హైదరాబాదునుండి వారు గోలకొండ పత్రికను వెలువరించిరి. రైతు కష్టములు, ఉద్యోగుల లంచములు, వెట్టిచాకిరి, గ్రంథాలయములు, స్త్రీవిద్య మొదలగు విషయములు తెలుగున అచ్చుపడి గ్రామములకు చేరెను. ఎవడు వ్రాసెనో, ఎవడు బాధ్యుడో కాగితముమీదనే యుండెను. పేరులేని కరపత్రమునకు సరియైన మందు ఇట్టి పత్రికయే.

అపవాదునకు ప్రత్యుత్తరము చెప్పవలసిన విధమును గూడ వారు నేర్పిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసెను. ఈ సీమవారి మనస్సులు నొచ్చెను. ప్రతాపరెడ్డిగారు ఆ పండితుని వంశమును తిట్టలేదు; ఇది ఫలానావారి కుట్రయని కేకలు వేయలేదు. ఊరూరికిని జాబులు వ్రాసి, కవుల పేళ్లును వారి పద్యములును సేకరించి, 1934 లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 గురు కవులు కలరు. ఆ గ్రంథమును చూచిన పిమ్మట ఆ మాట మరల అననగువాడు లేకపోయెను. తిట్టునకు తిట్టు పక్షపాతి జవాబు. తిట్టునకు లెక్క చూపుట చరిత్రకారుని జవాబు. 1952 లో ప్రతాపరెడ్డిగారిని వనపర్తి ప్రజలు శాసనసభకు ఎన్నుకొనిరి.

అయినను ఆ 1952 వ సంవత్సరముననే హైదరాబాదులో ముల్కీ గొడవ మరల రేగి, కాల్పులలో ప్రాణములు పోయెను. నిజాము పోయినను, రెసిడెంటు పోయినను కక్షల భాష పోలేదు. ఉద్యోగములలో స్థానికులకు న్యాయము జరుగవలెననుట ధర్మమైన కోరిక. అట్టి కోరికకు సయితము లెక్కలును నిదర్శనములును బలము. ఎదుటివాని పుట్టుకను ఎత్తిపొడుచుట బలము కాదు. 1892 లో మెహదీ హసనుపై ముల్కీలకు న్యాయమైన ఫిర్యాదు లేవైన నున్నచో, ఆ కరపత్రము వానిని గూడ బురదలో ముంచినది. ఆయన ఉద్యోగమును ఎట్లు నిర్వహించెనను విచారణ జరుగక, ఆయన భార్య యెవరను విచారణ జరిగెను.

నేడు పత్రికలకు కొదువలేదు. ప్రతివాని చేతిలోను ఒక యచ్చుయంత్ర మున్నట్లే యున్నది. 1892 లో ఎనిమిది పుటల కరపత్రమును అచ్చు వేయించుటకు ధనము కావలెను, రహస్యముగా పంచుటకు మనుష్యులు కావలెను. నేడు ఒక వ్రేలు చాలును. ఒక పక్షపు నాయకుడు చేసినది తప్పా కాదా యని యడుగుటకు మాఱుగా, ఆతడు మనవాడా కాడా యని చూచి నమ్ముటయో నమ్మకపోవుటయో చేయుచున్నాము. మనవానిపై వచ్చినదెల్లను కుట్ర. ఎదుటివానిపై వచ్చినదెల్లను సత్యము. ఇట్టి బుద్ధి యింటి పెద్దకున్నచో పిల్లలకు వేఱుగా రాదు.

కావున మన యిండ్లలో ఒక యలవాటు చేసికొందము. ఎట్టి వార్త వచ్చినను నాలుగు ప్రశ్న లడుగుదము. దీనిని చెప్పినవాడు తన పేరు చెప్పెనా? ఆతనికి ఇది యెట్లు తెలిసెను? రెండవ పక్షమువాని మాట మనము వింటిమా? ఇది అబద్ధమైనచో నష్టపోవువా రెవరు? ఈ నాలుగవ ప్రశ్నను ఎంతమాత్రము మఱువరాదు. 1828 లో రేచెలును గూర్చియు, 1892 లో గెర్ట్రూడును గూర్చియు ఆ ప్రశ్నను ఎవ్వరును అడుగలేదు. 2018 లో గద్వాల పల్లెలలో డప్పు పట్టుకొని తిరిగిన పోలీసులు జనులచేత అడిగించినది ఆ ప్రశ్ననే. ఊరికి వచ్చిన పరదేశి క్షేమముగా తన యింటికి మరలెను.

అట్లే ప్రభుత్వమును అడుగుటకును వెనుదీయరాదు. అనుమానమును చంపుటకు శిక్షలు చాలవు, లెక్కలు చూపవలెను. పేరు చెప్పి ప్రశ్నించువానిని కాపాడు రాజ్యమున పేరులేని పత్రమునకు విలువ తగ్గును. అట్టి ప్రశ్నను వేయుటకు ధైర్యమును, జవాబు తనకు నచ్చనిదైనను ఒప్పుకొనుటకు నిబ్బరమును మన గృహములందు బాలబాలికలకు నేర్పుట నేటి తల్లిదండ్రుల విధి.